ఒడిబియ్యంల పెట్టిన సెంటు సీసా

ఒక అబద్ధాన్ని నేను చాలా ఏండ్లుగా మోస్తున్న. చూస్తే చిన్నదే. ఒక పిల్ల ముందర నిలబడి పలికిన రెండు మూడు మాటలు, అంతే. కానీ పొద్దున దీపం ముట్టించి చేతులు జోడించంగనే ఆ మాటలే ముందుగ వచ్చి నిలబడుతున్నయి. వాటిని పక్కకు జరిపితే గాని స్వామి ముఖం కనపడుతలేదు. ఇంట్లోళ్లకు ఇది సగమే తెలుసు. మిగిలింది మీకు చెప్తున్న. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అట్లయితేనే నా నోరు లేస్తది.

ముందే ఒక మాట. నేను ఏడ్చుకుంట రాస్తలేను. ఇందుల నేను చేసినయి రెండున్నయి. ఒకటి, ఫారిన్ సీసాల సూపర్ మార్కెట్ సెంటు పోసిన. దానికి నేను సిగ్గుపడుతలేను, రేపు గూడ పడను. రెండోది ఆ అబద్ధం. ఈ రెండింటిని ఒకటే మూటల కట్టి నా నెత్తిన పెట్టకున్రి. విడివిడిగ చూడున్రి. చూసినంక ఏమన్న అనున్రి.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా అవ్వ పళ్లెంల బియ్యం పరిచి, నా వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. అవ్వను తలుచుకోని రోజు లేదు. ఆ బియ్యం అక్షరాలు లేకుంటే ఇయ్యాల ఇది రాయకపోదును. చదువు అట్ల ఇంట్ల దొరికినందుకో ఏమో, కంటపడ్డ ప్రతి అక్షరం చదువుడు నాకు అలవాటైంది. ఉప్పు పాకిటు మీదిది, సబ్బు కవరు మీదిది, లారీ వెనుక రాసింది. మా నల్గొండల సూపర్ మార్కెట్లు వచ్చినప్పుడు నాకు గుడికి పోయినంత సంబురమైంది. ఏం గావాల్నో జల్ది చెప్పమని ఎవరూ తొందరపెట్టరు. ఎంతసేపన్న నిలబడి డబ్బాల మీద రాసింది చదువుకోవచ్చు. కొనకుంట బయటికొచ్చినా ఎవరూ ఏమనరు. ఇదేం చిన్న భాగ్యమా?

మా ఇంటాయనది మోటర్ల వైండింగ్ దుకాణం. బోరు మోటరు కాలిపోతే రైతులు తీసుకొస్తరు, ఈయన రాగితీగ చుట్టి బాగుచేసి పంపుతడు. తెలంగాణ వచ్చిన కొత్తల వానలు పడలేదు. బోర్లెండినయి. ఎండిన బోరుకు మోటరెందుకు? ఈయన పొద్దంత దుకాణం ముందర స్టూలేసుకొని రోడ్డు చూసేటోడు. తిండికి మాత్రం లోటు రాలేదు, దేవుని దయ.

ఆ యేడే వదినకు ఒడిబియ్యం పొయ్యాల్సి వచ్చింది. వదిన అంటే మా ఆయన అక్క. హైదరాబాదుల ఉంటది, వాళ్లాయనది ప్లాట్ల వ్యాపారం. పెండ్లయిన ఆడబిడ్డను కొన్నేండ్లకొకసారి పుట్టింటోళ్లు పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర ఒడిల పోసి పంపుడు మా దిక్కు ఆచారం. అత్తగారింటికి పోయినంక ఆ మూట అందరి ముందర విప్పుతరు. ఏం పెట్టిన్రో చూస్తరు. పుట్టింటి పరువు ఆ కొంగుల ఉంటది.

వదిన ఫోన్ చేసి తమ్మునికి చెప్పింది. తన తోటికోడలుకు వాళ్ల పుట్టింటోళ్లు ఒడిల ఫారిన్ సెంటు పెట్టిన్రట, మూట విప్పంగనే ఇల్లంత గుప్పుమన్నదట, తనకూ గసొంటిదే కావాల్నట. ఉత్త చీర పట్టుకొని పోతే అక్కడ ముఖమెట్ల ఎత్తాలె అన్నదట. ఈయన ఫోన్ పెట్టేసి నా దిక్కు చూసిండు. "ఎట్లనన్న జెయ్" అన్నడు. ఎట్ల అనేది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పటికీ మా సంసారం ఆ పద్ధతి మీదనే నడుస్తాంది.

మా గల్లిల ఒకామె భర్త దుబాయిల డ్రైవరు. ఆయన తెచ్చిన సెంటు ఎప్పుడో అయిపోయినా ఆ సీసాను, దాని అట్టపెట్టెను ఆమె అద్దాల అల్మారల దాచుకున్నది. పోయి అడిగిన. ఎందుకని అడగకుంటనే ఇచ్చింది. ఆ తల్లి చల్లగుండాలె. బరువైన సీసా. అడుగున వేలెడు మందం అద్దం, పైన బంగారు రంగు మూత. దాని మెడ మర తిప్పితే ఊడేది. అది చూసి నేను స్వామికి దండం పెట్టుకున్న. కొన్ని సీసాలు ఊడయని నాకప్పటికే తెలుసు.

సీసా అడుగున వాసన ఇంకా ఉన్నది. చీర కొంగుకు జర అద్దుకొని సూపర్ మార్కెట్ల సెంట్ల అర కాడికి పోయిన. కొంగు వాసన చూసుడు, అక్కడి సీసా వాసన చూసుడు. మళ్ల కొంగు. అన్నింటికంటె కిందిఅరల, రెండేసి సీసాలకు టేపు చుట్టి పెట్టినయి ఉన్నయి. ఒకటి కొంటే ఒకటి ఉత్తగ అని రాసుంది. వాసన చూసిన. ముందు నారింజ తొక్క వొలిచినట్టు, తరువాత సన్నజాజులు, ఆఖరికి తడి గంధం. కళ్లు మూసుకుంటే ఏది కొంగో ఏది సీసానో తేడా దొరకలేదు.

అచ్చం అదేనని ప్రమాణం చేయను. గంటకే వాసన తేలిపోయేది. కానీ ఆ గంటసేపు ఏ రాణి పక్కన నిలబడ్డా తక్కువనిపించదు.

సూది లేని సిరంజితోటి కొద్దికొద్దిగ నింపిన. మర బిగించిన, బట్టతోటి తుడిచిన, అట్టపెట్టెల పెట్టి స్వామి ముందర పెట్టిన. నీకు అన్నీ తెలుసు గద, లోపలిది నేను ప్రేమతోటే పోసిన, తప్పయితే సీసా పగలగొట్టు అని మొక్కిన. సీసా పగలలేదు.

ఒడిబియ్యం నాడు వదిన ఆ పెట్టె విప్పి, రెండు చుక్కలు మెడకు కొట్టుకొని, మా తమ్ముడు అని కళ్లొత్తుకున్నది. అత్తగారింట్ల మూట విప్పినప్పుడు తోటికోడలు అడిగి మరీ పూసుకున్నదట. ఫంక్షనుకు పోయినప్పుడే వాడేది కాబట్టి ఆ సీసా ఏండ్లు వచ్చింది. గంటకే వాసన పోతే, ఖరీదైనయి గిట్లనే తేలిగ్గ ఉంటయి, చవుకయే అంటుకొని కూసుంటయి అని పక్కోళ్లకు నేర్పేది. నేను తలూపేదాన్ని. వంటింట్లకు పోయి నవ్వుకునేదాన్ని. నవ్వు గూడ దేవుడిచ్చిందే.

చెప్పున్రి, ఇందుల ఎవరికి నష్టమైంది? వదినకు పరువు కావాలె, దొరికింది. తమ్మునికి అక్క ముందర తల నిలబడాలె, నిలబడ్డది. నల్గొండల దొరికే సెంటుకు హైదరాబాదుల నాలుగిండ్లల్ల మర్యాద దొరికింది. సీసా అబద్ధం చెప్పింది, నిజమే. లోపలున్న వాసన చెప్పలేదు. అది మొదటినుంచి తన వాసనే వచ్చింది. ఎవరన్న దీన్ని మోసమంటే అననియ్యి. ఒడిల పడ్డ సరుకును పేరు చూసి తూచేటోళ్లు ముందు తమ పని చూసుకోవాలె.

ఇంతవరకు నాకు బరువు లేదు. బరువు తరువాతిది.

మా పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క, కేతేపల్లిల ఉంటది. ఆమె బిడ్డను ఇక్కడ మంజుల అందాం. సొంత పేరు రాసే హక్కు నాకు లేదు. డిగ్రీ చదివింది. బాపుకు నడుము పోయినంక ఇంట్ల మందు పంపు వీపుకు కట్టుకున్నది ఆ పిల్లనే. పత్తికి మందు కొట్టి, స్నానం చేసి, మళ్ల పుస్తకం పట్టేది. వదిన కొడుక్కు పెండ్లికి పిల్లలను చూస్తున్నరంటే నాకు ముందు మంజులనే యాదికొచ్చింది. వరస కలిసింది. ఫోటో చూసి పిలగాడు సరే అన్నడు. వదిన గూడ సరే, పోయి చూద్దాం అన్నది.

చూపులకు రెండు రోజుల ముందు నేను కేతేపల్లికి పోయిన. మంజుల నన్ను పక్కకు పిలిచి చేతులు ముందుకు చాపింది. ఎంత కడిగినా మందు వాసన పోతలేదు చిన్నమ్మా, వాళ్లకు వస్తే ఏమనుకుంటరో అన్నది. ఆ చేతులు పట్టుకొని వాసన చూసిన. నిజంగనే ఉన్నది, సన్నగ. నాకు దుఃఖం వచ్చింది, తరువాత ఉపాయం వచ్చింది. సంచిల నా సెంటు సీసా ఉన్నది, టేపు చుట్టిన జతలోది. తీసి ఇచ్చిన.

ఇక్కడ నా తెలివిని చూడున్రి. వేరే ఏ సెంటన్న ఇయ్యొచ్చు. మల్లెపూలు పెట్టుకోమనొచ్చు. కానీ వదినకు ఇష్టమైన వాసన ఇదే గద, పిల్ల దగ్గరికి రాంగనే మనసు మెత్తబడతది, ఎందుకో ఆమెకు తెల్వకుంటనే పిల్ల నచ్చుతది అనుకున్న. పిల్లకు మాత్రం ఇవేవీ చెప్పలేదు. సూపర్ మార్కెట్ల ఒకటి కొంటే ఒకటి ఉత్తగిచ్చిన్రు, మంచి వాసన, పూసుకో అన్న.

చూపుల నాడు పొద్దున వదిన ఫోన్ చేసి, చిట్యాల దాటినం, నార్కట్‌పల్లి కాడ ఉండు అన్నది. నేను బస్సుల పోయి అక్కడ వాళ్ల కారెక్కిన. పిలగాడు నడుపుతాండు. కారంతా అదే వాసన. వదిన ఆ పొద్దు నిండుగ కొట్టుకున్నది. నేను మనసుల మురిసిపోయిన.

కేతేపల్లిల మర్యాదలన్నీ అయినయి. చాయ తాగినం. మా దిక్కు పిల్లను చూడబోయినప్పుడు ఆడోళ్లు లోపలి అర్రలకు పోయి, ప్రేమగ మాట్లాడుకుంట జడ చేతిల పట్టి చూస్తరు, సొంత జుట్టా సవరమా అని. వదిన గూడ అట్లనే పట్టింది. జుట్టు సొంతదే. వంగినప్పుడు ఆమెకు వాసన తగిలింది. ఆగింది.

"ఏం సెంటు బిడ్డా ఇది? నాదాని లెక్కనే వస్తాంది."

మంజుల ముఖం వెలిగింది. అడిగినందుకే సంతోషమైంది. "సూపర్ మార్కెట్ల దొరికేదే అత్తమ్మా. ఒకటి కొంటే ఒకటి ఉత్తగిస్తరట" అని, గూట్లె పౌడరు డబ్బా పక్కన ఉన్న సీసా తీసి చూపించింది.

"ఉత్తగనా?" అన్నది వదిన. ఆ సీసాను అటుఇటు తిప్పింది. మూత తీసి వాసన చూసింది. తన కొంగు వాసన చూసింది. తరువాత నా దిక్కు తిరిగింది. "ఏమే మరదలా, నీ ముక్కు మంచిది. నువ్వు చెప్పు. నాది గిట్లనే ఉన్నదా?"

ఆమె కళ్లల్ల అనుమానం లేదు. భయం ఉన్నది. తన తోటికోడలు, ఆ మూట విప్పుడు, ఖరీదైనయి తేలిగ్గ ఉంటయని తను చెప్పిన ముచ్చట్లు, అన్నీ ఆ ప్లాస్టిక్ సీసా దగ్గరికి వచ్చి ఆగినయి. నా కళ్లల్ల గూడ భయమే ఉండుంటది.

నేను సీసా తీసుకున్న. వాసన చూసినట్టు చేసిన. "ఎక్కడి మాట వదినా, నీదానికి దీనికి పొంతనెక్కడ? ఇది ముక్కుల గుచ్చుతాంది. చవుకది" అన్న.

మంజుల నా దిక్కు చూసింది. ఎంతోసేపు చూడలేదు. తరువాత తల వంచుకొని, "అవునత్తమ్మా, నాకు తెల్వక కొన్న" అన్నది.

కొన్న. ఆ ఒక్క మాట తను మీదేసుకున్నది. నేనిచ్చిన అని నన్ను ఇరికించలేదు. చిన్నమ్మను అడగున్రి అనలేదు. సంచిల నుంచి సీసా తీసి ఆ చేతుల పెట్టింది నేను, పెట్టి చవుకది అన్నది నేను. ఆ పిల్లకు అప్పటికే అంతా అర్థమైందా? రెండు వాసనలు ఒక్కటేనని ఆమె ముక్కుకు తెల్వదా? తెలిసే నన్ను కాపాడిందా, లేక పెద్దోళ్ల ముందర మాట పెంచుడెందుకని ఊకున్నదా? ఇన్నేండ్లు నేను ఇదే అడుక్కుంటున్న. ఏదైనా నాకు అంతే శిక్ష.

వచ్చేటప్పుడు కార్ల వదిన అన్నది: "పిల్ల మంచిగనే ఉంది గని, పెద్దింటి వాసన నకలుగొట్టి పూసుకొని కూసున్నది. ఇయ్యాల సెంటు, రేపు ఇంకేమో." పిలగాడు అద్దంల నుంచి తల్లిని చూసి, మళ్ల రోడ్డు దిక్కు తిరిగిండు. అదే వాసన ఆమె మెడ నుంచి వస్తాంది. అద్దం దించుతే చాలు, గాలికి బయటపడ్డ మాట లెక్క చెప్పెయ్యొచ్చు. నోరు తెరవలేదు. నార్కట్‌పల్లి కాడ దిగి నల్గొండ బస్సెక్కిన. తొవ్వల చెరువుగట్టు మీది శివుని గుడి కనపడంగనే కిటికీల నుంచి చేతులు జోడించుడు నాకు చిన్నప్పటి అలవాటు. ఆ పొద్దు గట్టు కనపడ్డది. చేతులు ఒడిలనే ఉన్నయి.

సంబంధం వద్దని కబురు పోయింది. ఎందుకని అడిగితే వదిన దాచుకోలేదు, సెంటు ముచ్చట చెప్పింది. అది మా చుట్టాలల్ల తిరిగింది. కొన్నాళ్లకు మంజులకు సెంటుపిల్ల అని పేరు పడ్డది. తరువాత వచ్చిన సంబంధాలోళ్లు గూడ, ఆ సెంటుపిల్లనా అని అడిగిన్రట. అక్క ఫోన్ల చెప్పుకుంట ఏడ్చింది. నేను ఓదార్చిన. ఓదార్చిన, వింటున్నరా? నోటి నిండ అబద్ధం పెట్టుకొని, అంతా దేవుడు చూసుకుంటడు అక్కా అన్న.

నన్ను నేను ఎన్నో తీర్ల సమర్థించుకున్న. చెప్తే ఆయన పరువు పోతది అనుకున్న. వదిన గుండె పగులుతది అనుకున్న. ఆ పిలగాడు తల్లిమాట దాటనోడు, అట్లాంటి ఇంట్ల పడకపోవుడే పిల్లకు మేలు అని గూడ అనుకున్న. అది నిజమే కావొచ్చు. కానీ ఆ నిజం నేను చేసిన పని కాదు. నేను చేసింది పిల్లను ముందుకు తోసి వెనుక దాక్కునుడు. నాకు కోపం రావాల్సింది ఆ జడ పట్టే చేతుల మీద, సీసా చూసి మనిషిని తూచే ముక్కు మీద. అది అప్పుడు రాలేదు. ఇప్పుడు వస్తాంది.

మంజుల పెండ్లి రెండేండ్లకు అయింది, నకిరేకల్ దగ్గరి పిలగానితోటి. మంచోడే. పెండ్లికి పోయిన. మండపం కాడ పిల్లలు వచ్చినోళ్ల మీద పన్నీరు చల్లుతుంటే, పెండ్లికూతురు మీద చల్లబోతే, తను చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నది. ఎవరూ గమనించలేదు. నేను చూసిన. అక్షింతలు వేస్తే నా కాళ్లకు మొక్కింది. చిన్నమ్మా, తిన్నవా అని అడిగింది. అంత మర్యాదగ అడిగింది. తిట్టినా బాగుండు.

మళ్ల ఒడిబియ్యం ఐదేండ్లకు పొయ్యాల్సింది, కరోనతోటి వెనుకబడ్డది. అది మొన్న జరిగింది. వదిన ముందే ఫోన్ చేసి అదే సెంటు కావాలె, అది అయిపోయింది అన్నది. ఈసారి మా దుకాణం మంచిగ నడుస్తాంది. అసలుదే తెద్దామా అన్నడు ఈయన. అసలుదా? ఆయనకు నేను ఏనాడూ చెప్పలేదు, ఆయనే పసిగట్టినట్టున్నడు. నేను చూసుకుంట అన్న.

సూపర్ మార్కెట్ల అదే కిందిఅరల అవి ఉన్నయి. జత తెచ్చిన. టేపు విప్పలేదు. పెట్టె లేదు, బంగారు మూత లేదు. చుట్టాలంతా కూసున్న చోట, పసుపు బియ్యం, కుడుకలు, చీర పోసినంక, ఆ జతను వదిన ఒడిల పెట్టిన. "ఇదే వదినా. అప్పుడు పెట్టింది గూడ ఇదే. ఆ సీసా దుబాయిది, లోపలిది గిది. కేతేపల్లి పిల్ల కొనలేదు, నేనిచ్చిన. నకలు చేసింది నేను, ఆ పిల్ల కాదు" అన్న.

వదిన ఒకసారి జతను చూసింది, ఒకసారి నన్ను. తరువాత నవ్వింది. "అప్పుడు మంచిది పెట్టి, ఇప్పుడు చెయ్యి రాక చవుకది పెట్టి, మీద కథలు జెప్తున్నవా? ఆ పిల్లను ఎనకేసుకొస్తున్నవు, నాకు తెల్వదా" అన్నది.

నమ్మలేదు. ఏండ్లు మోసి దించిన మూటను ఆమె ముట్టుకోలేదు. ఒడిల బియ్యం ఒలకకుంట జాగ్రత్తగ కొంగు పట్టుకొని, ఇంకో చేత్తోటి ఆ జతను తీసి చాప మీద పెట్టింది. బియ్యం, చీర తీసుకొని పోయింది. అప్పటినుంచి మా ఇంటికి వస్తలేదు. ఏం అవసరముండె నీకు అని ఈయన ఒకటే మాట అన్నడు, మూడు రోజులు మాట్లాడలేదు. ఆ రోజు అక్కడున్న ఆడోళ్లల్ల కొందరు నన్ను పిచ్చిదనుకుంటున్నరు, కొందరు పిసినారి అనుకుంటున్నరు. అనుకోనియ్యి.

మంజులకు ఈ ముచ్చట చేరింది. అక్క చెప్పింది చేరిందని. పిల్ల ఏమన్నదని నేను అడగలేదు, అక్క చెప్పలేదు. ఫోన్ రాలేదు. నేను చెయ్యలేదు. మన్నించమని అడుగుడంటే ఆ పిల్ల మీద ఇంకో పని పెట్టుడే గద? సెంటుపిల్ల అనే పేరు నేను చెరపలేను. నా నోటితోటి వచ్చిన మాట కాదు, కానీ నా నోరు మూసుకున్నందుకు పుట్టిన పేరు. అది అట్లనే ఉంటది. నేను గూడ దాని కింద అట్లనే ఉంట.

చాప మీద వదిన వదిలేసి పోయిన జత నా దగ్గరే ఉన్నది. టేపు కోసిన. ఒక సీసా పక్కన పెట్టిన, ఎవరికని అడగకున్రి. రెండోది నేను వాడుతున్న. శుక్రవారం తలస్నానం చేసి, దీపం పెట్టి, రెండు చుక్కలు మెడకు కొట్టుకుంటున్న. బస్సుల, గుళ్లె, పేరంటంల ఎవరన్న దగ్గరికొచ్చి ఏం సెంటు ఇది అని అడుగుతున్నరు. పేరు చెప్తున్న. దుకాణం చెప్తున్న. కిందిఅరల చూడున్రి, ఒకటి కొంటే ఒకటి ఉత్తగిస్తరు అని గూడ చెప్తున్న.